పేరు గుర్తురానప్పుడు

ఎదుటి మనిషి ఆప్యాయంగా పలకరిస్తారు, మనకు పేరు గుర్తురాదు. పెద్దవాళ్లకు అందరి పేర్లూ వాటంతట అవే గుర్తుంటాయని చిన్నప్పుడు గట్టిగా నమ్మేదాన్ని. పెద్దయ్యాక తెలిసింది, అలా ఏమీ ఉండవని.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. కొత్తవాళ్లు పేరు చెప్పగానే వెంటనే ఒకసారి, వెళ్లేటప్పుడు ఇంకోసారి ఆ పేరుతోనే పలకరిస్తాను. వాళ్లు అటు వెళ్లగానే ఫోన్‌లో ఒక్క లైను రాసుకుంటాను: పేరు, ఎక్కడ కలిశాం, ఒక గుర్తు. గుర్తు అంటే చొక్కా రంగు కాదు, అది మర్నాడు మారిపోతుంది. గొంతు, నవ్వు, మాట్లాడిన విషయం లాంటివి రాయాలి. ఆ మనిషి మళ్లీ వస్తారని తెలిస్తే, వెళ్లేముందు అర నిమిషం ఆ లైన్లు చూసుకుంటే చాలు, టెన్షన్ ఉండదు.

అప్పటికే మర్చిపోయి ఉంటే, "మీ నంబర్ సేవ్ చేసుకుంటాను, పేరు మీరే టైప్ చేయండి" అని ఫోన్ అందిస్తాను. కానీ ముందుగా జాగ్రత్త: వాళ్ల నంబర్ ఇప్పటికే మన ఫోన్‌లో ఉంటే టైప్ చేస్తుండగానే అది పైకి వచ్చేస్తుంది. చాలాకాలంగా తెలిసినవాళ్ల దగ్గరా ఇది పనిచేయదు. అక్కడ "క్షమించండి, పేరు గుర్తురావట్లేదు" అని మొదటి నిమిషంలోనే అడిగేయడం నయం.