మిర్చి సీజన్ రాకముందే టెస్ట్ డేటాబేస్ వేరు చేసుకోండి

జనవరి దాటిందంటే వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల జోరు మొదలవుతుంది. అడ్తిదారుల తక్‌పట్టీలు (సరుకు అమ్మకం చీటీలు), కాంటా లెక్కలు రాసుకునే ఆండ్రాయిడ్ యాప్ మీదైతే, ఆ రోజుల్లో దాన్ని ముట్టుకునే సందు దొరకదు. ఏ జాగ్రత్తయినా డిసెంబర్‌లోనే.

ముందు నా సంగతి చెప్తాను. రెండేళ్ల కింద ఒక అడ్తి దుకాణంలో, నేనే వేసిచ్చిన డెబగ్ బిల్డ్ (పరీక్షల కోసం కట్టిన యాప్) ఉన్న గుమస్తా ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి టెస్టులు నడిపాను. అన్నీ పాసయ్యాయి. కానీ యాప్‌ను కట్టి టెస్టులు నడిపే గ్రేడిల్ అనే టూల్, ఫోన్ మీద టెస్టులు అయిపోగానే యాప్‌ను తీసేస్తుంది, యాప్‌తో పాటే దాని డేటాబేస్ కూడా పోతుంది. నాలుగు రోజుల పట్టీలు మాయం. కాగితాలు ముందేసుకుని రాత్రంతా మళ్లీ ఎక్కించాం. గుమస్తా ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

అందుకే టెస్ట్ బిల్డ్ అప్లికేషన్ ఐడీకి (ఫోన్ యాప్‌ను గుర్తుపట్టే పేరుకు) ఒక తోక తగిలించండి. అప్పుడు ఒకే ఫోన్‌లో అసలు యాప్, టెస్ట్ యాప్ రెండూ వేర్వేరుగా ఉంటాయి, ఒకదాని డేటా జోలికి ఇంకొకటి పోదు. అసలు వేరే పాత ఫోన్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

యూనిట్ టెస్టులకు (కోడ్‌లో ఒక్కో ముక్కను విడిగా చూసే టెస్టులకు) రూమ్ అనే ఆండ్రాయిడ్ డేటాబేస్ లైబ్రరీలోని ఇన్-మెమరీ డేటాబేస్ చాలు. అది ర్యామ్‌లోనే ఉంటుంది, మూసేస్తే పోతుంది. ప్రతి టెస్టుకూ కొత్తది తెరవండి, అయ్యాక మూసేయండి. లేదంటే ముందు టెస్టులో వేసిన 40 బస్తాలు తర్వాతి టెస్టు మొత్తంలో తేలతాయి, తప్పు కోడ్‌లో ఉందనుకుని మీరు సగం రోజు వెతుకుతారు. డేటాబేస్‌ను క్లాసు లోపలే తయారు చేయకుండా బయటి నుంచి అందిస్తేనే, అసలుదాని బదులు ఇది పెట్టడం వీలవుతుంది.

మైగ్రేషన్‌కు, అంటే పాత వెర్షన్ డేటాబేస్‌ను కొత్త రూపంలోకి మార్చడానికి, మాత్రం ఈ ఇన్-మెమరీ డేటాబేస్ పనికిరాదు. కొత్తగా పుట్టిన డేటాబేస్‌కు పాత వెర్షన్ ఎక్కడిది? స్కీమా (పట్టికల నమూనా) ఎగుమతి ఆన్‌లో ఉంచి, రూమ్ ఇచ్చే మైగ్రేషన్ టెస్ట్ హెల్పర్‌తో, వేరే పేరున్న ఫైల్ మీద చూడండి. డిస్ట్రక్టివ్ మైగ్రేషన్ లైను కోడ్‌లో ఎక్కడైనా మిగిలిందేమో వెతికి తీసేయండి. మైగ్రేషన్ రాయడం మర్చిపోయిన రోజు అది పట్టికలన్నీ తుడిచేసి, ఖాళీ యాప్ చేతికిస్తుంది.

ఫైర్‌బేస్ (గూగుల్ ఆన్‌లైన్ డేటాబేస్ సేవ) వాడేవాళ్లు టెస్టులను ఫైర్‌బేస్ ఎమ్యులేటర్‌కు, అంటే మీ కంప్యూటర్‌లోనే నడిచే దాని నకలుకు, మళ్లించాలి. టెస్టులు ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే నకలు ఫోన్‌లో) నడిపితే, అక్కడి నుంచి మీ కంప్యూటర్ చిరునామా 10.0.2.2.

టెస్టుల్లో నిజం రైతుల పేర్లు, బ్యాంకు ఖాతాలు పెట్టకండి. ‘రైతు 1, తేజ రకం 12 బస్తాలు; రైతు 2, చపాటా రకం 3 బస్తాలు’ అని రాసుకున్నా లెక్క తేలుతుంది.