ఆఫీసు ఖర్చు మీద పెద్ద హోటల్లో తినేటప్పుడు

కంపెనీ పని మీద తిరుపతికి వచ్చి పెద్ద హోటల్లో దిగేవారు, అక్కడి రెస్టారెంటులో ఆర్డరు చెప్పేముందే జీఎస్టీ ఎంత శాతమో అడిగి తెలుసుకోవడం మంచిది. మామూలు రెస్టారెంట్లలో అది 5 శాతమే గాని, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలో సాధారణంగా 18 శాతం వేస్తారు కనుక, వెయ్యి రూపాయల భోజనానికి 50 రూపాయలు పోవలసిన చోట 180 పోతుంది. రోజు భత్యానికి పరిమితి ఉన్నవారికి ఇది చిన్న తేడా కాదు.

మొన్న ఒక హోటల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు తిని (పులుసు మాత్రం బాగుంది) బిల్లు చూస్తే, పన్నుకు పైన చిన్న అక్షరాలతో 10 శాతం సర్వీస్ ఛార్జి కనిపించింది. దానిని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చిందని, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించిందని మర్యాదగా చెప్పగానే తీసేసి కొత్త బిల్లు ఇచ్చారు.

భోజనం ఖర్చును గది లెక్కలో రాయించినా, వంటకాల వివరాలున్న విడి బిల్లును అప్పుడే అడిగి తీసుకోండి. గది ఖాళీ చేసే హడావిడిలో అది దొరకడం కష్టం.