ఇంటి అక్వేరియంలో బెట్టా చేపను ఎలా పెంచాలి? మేత ఎంత వేయాలి?

బెట్టా చేపకు చిన్న గాజు గిన్నె చాలుననే నమ్మకం వల్ల ఎన్నో చేపలు అకాలంగా చనిపోతున్నాయి. థాయ్‌లాండ్, దాని ఇరుగుపొరుగు దేశాల వరి మళ్లకూ లోతులేని చిత్తడి నీళ్లకూ చెందిన ఈ చేపకు మొప్పలతో పాటు లాబిరింత్ అనే అవయవం ఉండటం వల్ల, నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకుంటూ ఆక్సిజన్ తగ్గిన నీటిలోనూ నెట్టుకొస్తుంది. కానీ దాని వ్యర్థాల నుంచే పుట్టే అమ్మోనియా విషం నుంచి ఆ అవయవం కాపాడలేదు.

కాబట్టి ముందుగా ఒక్క చేపకు 20 లీటర్ల తొట్టి సిద్ధం చేయండి. బెట్టా పైకి దూకుతుంది గనుక మూత తప్పనిసరి. గాలి పీల్చుకోవడానికి నీటికీ మూతకూ మధ్య కొంత ఖాళీ ఉంచాలి. నీటి ఉరవడికి పొడవైన తోకతో ఈదలేక అలసిపోతుంది కాబట్టి, నీటిని మెల్లగా లాగి శుభ్రం చేసే స్పాంజ్ ఫిల్టర్ మేలు. ప్లాస్టిక్ మొక్కల గరుకు అంచులకు తోక చిరుగుతుంది. నిజమైన నీటి మొక్కలే పెట్టండి.

తర్వాత కుళాయి నీటిలోని క్లోరిన్‌ను డీక్లోరినేటర్‌తో తొలగించి, రోజూ చిటికెడు మేత వేస్తూ (అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది), చేప లేకుండానే ఫిల్టర్‌ను నడపాలి. సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో, అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజ్‌లో స్థిరపడుతుంది. నీటిని పరీక్షించే టెస్ట్ కిట్‌లో మొదటి రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించాకే చేపను వదలండి. హీటర్‌తో నీటిని 25–27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, వారానికోసారి పావు వంతు నీరు మార్చాలి. స్పాంజ్‌ను కుళాయి కింద కడిగితే ఆ బ్యాక్టీరియా చనిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండండి.

ఇక మేత. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. బెట్టా నోరు పైకి తిరిగి ఉంటుంది, ఎందుకంటే నీటిపై వాలే పురుగులు, దోమ లార్వాలే దాని సహజాహారం. అందువల్ల చేప, రొయ్య లేదా పురుగుల మాంసం ప్రధానంగా ఉన్న చిన్న గుళికలు ఎంచుకుని, పూటకు 2 లేక 3 చొప్పున ఉదయం, సాయంత్రం వేయాలి. అన్నీ ఒక్కసారే వేయకండి. మొదటి గుళిక నీటిని తాకగానే చేప ఒక్క క్షణం ఆగి, దాని మీదే చూపు నిలిపి, చటుక్కున అందుకుంటుంది. ఒక్కోసారి ఉమ్మి, మళ్లీ నోట పెట్టుకుంటుంది. అది మింగాకే రెండోది వేయండి. మిగిలినదాన్ని పది నిమిషాల్లో డ్రాపర్‌తో తీసేయాలి. వారానికి ఒకటి రెండుసార్లు గుళికలకు బదులు కరిగించిన ఫ్రోజెన్ బ్లడ్‌వర్మ్స్ (ఎర్రని పురుగు లార్వాలు) గానీ డాఫ్నియా (సూక్ష్మమైన నీటి జీవులు) గానీ ఇచ్చి, ఒక రోజు పస్తు ఉంచవచ్చు. మిమ్మల్ని చూడగానే చేప తొట్టి అద్దం దగ్గరికొచ్చి ఒళ్లు ఊపుతుంది. ఆకలి లేకున్నా అలాగే చేస్తుంది కాబట్టి జాలిపడి అదనంగా వేయకండి. పొట్ట ఉబ్బితే ఒకటి రెండు రోజులు మేత ఆపండి.

రెండు మగ చేపలను ఒకే తొట్టిలో ఎప్పుడూ ఉంచకూడదు. చేప హఠాత్తుగా మేత మానేస్తే మందు కొనే ముందు థర్మామీటర్, ఆ తర్వాత టెస్ట్ కిట్ చూడండి. నీటిపై ఒక మూల చిన్న చిన్న నురుగు బుడగలు గుంపుగా కనిపిస్తే కంగారుపడి చెదరగొట్టకండి, అది మగ చేప గుడ్ల కోసం కట్టుకునే గూడు.