నల్లగొండ ఫ్లోరైడ్ మీద ఎన్ని పేపర్లు, రాసిందెవరు? (3వ భాగం: ఏరుకోవడం, లెక్కపెట్టడం)

నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద వచ్చిన పేపర్లన్నీ పోయిన భాగంలో ఎక్సెల్ షీట్‌లోకి దించుకున్నాం. ఇప్పుడు ఆ షీట్‌ను పైనుంచి కిందికి ఓపిగ్గా చదవండి. మధ్యలో ఇథియోపియా, టాంజానియా పేపర్లు తగులుతాయి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరు పెట్టింది. ఆ ‘నల్గొండ టెక్నిక్’ అక్కడిదాకా వెళ్లింది. మన బోర్లతో సంబంధం లేని ఇలాంటివి వేరే షీట్‌లో పెట్టండి.

ఉండాల్సినవి జారిపోయే ప్రమాదమూ ఉంది. 2016 అక్టోబరులో జిల్లా మూడైంది. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి పేర్లతో వెతక్కపోతే చౌటుప్పల్ నీళ్ల మీద ఆ తర్వాత వచ్చిన పేపర్ దొరక్కపోవచ్చు. అప్పుడు గ్రాఫ్ కిందికి వంగుతుంది, పరిశోధన తగ్గిందని థీసిస్‌లో రాసేస్తాం. పాలమూరు మీద చేసేవాళ్లు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట కూడా కలుపుకోవాలి.

ఇక పేపర్ల పెరుగుదల. ఏ ఏడాదికైనా మొదటి నుంచి ఆ ఏడాది దాకా కూడిన మొత్తం తీసుకోవాలి. నేర్చుకోవడానికి కొన్ని అంకెలు అనుకుందాం: 2010 చివరికి 40, 2015కి 60, 2020కి 80. క్యాలిక్యులేటర్‌లో సహజ లాగరిథమ్ ఇచ్చే ‘ఎల్‌ఎన్’ (ln) బటన్ నొక్కండి, ‘లాగ్’ (log) కాదు. 60కి 4.094, 40కి 3.689 వస్తాయి. తేడా 0.405ని ఐదేళ్లతో భాగిస్తే 0.081. ఇది సాపేక్ష వృద్ధి రేటు. 0.693ని దీంతో భాగిస్తే రెట్టింపు కాలం సుమారు ఎనిమిదిన్నరేళ్లు. తర్వాతి ఐదేళ్లకూ ఇలాగే చేస్తే పన్నెండేళ్లు. రెండుసార్లూ చేరినవి 20 పేపర్లే, అయినా రేటు పడిపోయింది. అందుకే ఏటేటి సంఖ్యను పక్కన చూపకుండా రెట్టింపు కాలం ఒక్కటే ఇవ్వకూడదు.

రచయితల లెక్కకు లోట్కా అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఉంది: పేపర్ల సంఖ్య పెరిగేకొద్దీ అన్ని రాసినవాళ్లు ఆ సంఖ్య వర్గంతో భాగించినట్టు తగ్గుతారు. ఒక్క పేపరే రాసినవాళ్లు 100 మంది ఉంటే రెండు రాసినవాళ్లు దాదాపు 25, మూడు రాసినవాళ్లు 11, నాలుగు రాసినవాళ్లు 6. 1926లో ఆయన కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్‌లో ఏ, బీ అక్షరాల పేర్లు తీసుకున్నాడు, ఉమ్మడి పేపర్లను ప్రధాన రచయిత ఖాతాలోనే వేశాడు. మీరు అందరినీ లెక్కపెడతారో, మొదటి పేరునే తీసుకుంటారో ముందే రాసిపెట్టుకోండి.

అసలు కష్టం మన పేర్లతోనే. ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత రాసే అలవాటు మనది. జర్నల్ ఫారం చివరి పేరు అడుగుతుంది. దాంతో ఒకే మనిషి ఒకచోట ‘ఎస్. రెడ్డి’, ఒకచోట ‘ఎన్.ఎస్. రెడ్డి’, ఇంకోచోట ఇంటిపేరుతో కనిపిస్తాడు. ముగ్గురిగా లెక్కిస్తే ఒక్క పేపర్ వాళ్ల సంఖ్య ఉబ్బుతుంది. ‘కె. రావు’ అన్న ఒక్క వరుసలో నలుగురు కలిసిపోతే లేని మహా పరిశోధకుడు పుడతాడు. రెండూ సూత్రాన్ని తప్పుదారి పట్టిస్తాయి, ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పూర్తిగా సరిచేయదు. పీడీఎఫ్ మొదటి పేజీ తెరిచి సహరచయితలు, సంస్థ, ఈమెయిల్, ఉంటే ఆర్కిడ్ (ORCID, ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు) నంబర్ పోల్చాలి. 2014కు ముందు చిరునామాలో ఆంధ్రప్రదేశ్ అని, తర్వాత తెలంగాణ అని ఉందని మనిషిని రెండు చేయకండి. పాత పేరు చెరపకుండా పక్క కాలమ్‌లో ఒక్కొక్కరికీ ఒక కోడ్ ఇవ్వండి.

ఈ వారం రెడ్డి, రావు, కుమార్ వరుసలు పూర్తి చేయండి. లోట్కా ఘాతాంకాన్ని, అంటే పైన వర్గం అన్నచోట మన షీట్‌కు నిజంగా ఎంత వస్తుందో ఆ అంకెను, వచ్చే భాగంలో ఆ కోడ్‌ల మీదే కడదాం.