పల్లెలో ఇంటి ఖర్చుల సర్వే: తప్పు ఎక్కడ దొర్లుతుందంటే

పరిశోధన కోసం ఊళ్లో 40 కుటుంబాల ఖర్చులు రాసుకోవాలంటే పంచాయతీ జాబితాను నమ్ముకోవద్దు. వలస పోయినవాళ్లు అందులో ఉంటారు, ఊరి చివర కొత్త గుడిసెలు ఉండవు. గడప గడపకూ తిరిగి మీరే జాబితా రాయండి. 320 ఇళ్లు తేలితే, 40తో భాగిస్తే 8. 1 నుంచి 8 వరకు చీటీలు వేసి ఒకటి తీయండి. ఆ నంబరు ఇంటి నుంచి ప్రతి ఎనిమిదో ఇల్లూ మీది. తాళం ఉంటే పక్కింటికి పోకండి, వేళ మార్చి మూడుసార్లు వెళ్లండి. లేకపోతే కూలికి పోయే కుటుంబాలే జారిపోతాయి.

అసలు చిక్కు గడువు దగ్గర, అంటే గడిచిన ఎన్ని రోజుల ఖర్చు అడగాలన్న దగ్గర. కూరగాయలు, నూనె, గుడ్లు, మాంసం 7 రోజులకు అడగండి. బియ్యం, పప్పులు 30 రోజులకు. బట్టలు, చదువు 365 రోజులకు. ఒకే వస్తువుకు రెండు గడువులు పెట్టకండి. 1999-2000 జాతీయ నమూనా సర్వేలో ఆహారానికి 7, 30 రోజుల ప్రశ్నలు పక్కపక్కనే పెట్టారు. ఒక జవాబు రెండోదాన్ని లాగేసిందన్న అనుమానంతో, పేదరికం ఎంత తగ్గిందన్నదే పెద్ద వివాదమైంది.

కిలోల్లో చెప్పమని పట్టుబట్టకండి. సోల, తవ్వ, మానిక అంటే అలాగే రాసుకుని, ఆ ఇంటి పాత్రతోనే బియ్యం కొలిచి తూకం వేయండి. ఊరూరికీ మానిక మారుతుంది మరి. సొంత పంట, రేషన్ బియ్యం, కూలి కింద వచ్చిన ధాన్యం వేర్వేరు గడుల్లో రాయాలి. కొన్నవి మాత్రమే రాస్తే రైతు ఇల్లు పస్తున్నట్టు కనిపిస్తుంది.

పదింట ఒక ఇంటికి మరో మనిషిని పంపి, నాలుగైదు ప్రశ్నలు మళ్లీ అడిగించండి. సర్వే మొదటి వారంలోనే.