దసరా ఆర్డర్లు మీద పడేలోపు: ఫ్లెక్స్ మెషీన్, ప్లాటర్ (స్టిక్కర్లు కోసే మెషీన్) దగ్గర జాగ్రత్తలు

వినాయక చవితి నుంచి దసరా దాకా విజయవాడలో ఫ్లెక్స్ షాపులకు నిద్ర ఉండదు. ఇంద్రకీలాద్రి మీద ఉత్సవాలు దగ్గరపడేకొద్దీ స్వాగత బ్యానర్లు, అన్నదానం బోర్డులు, బట్టల షాపుల ఆఫర్లు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. సరిగ్గా అప్పుడే వానలు, తేమ, కరెంటు పోవడాలు. ఇంకు చిమ్మే ప్రింట్ హెడ్ పోతే సీజన్ లాభమంతా దానికే పోతుంది, పైగా ఆ రోజుల్లో సర్వీస్ ఇంజనీర్ ఫోన్ ఎత్తడు. అందుకే పెళ్లిళ్లు లేని ఆషాఢంలోనే మెషీన్ పని పట్టాలి.

ముందు ఎర్తింగ్. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ పిట్ సరిచేయించాల్సిందే. ఫ్లెక్స్ రోలర్ల మీద జారుతుంటే స్టాటిక్ (రాపిడి వల్ల వచ్చే కరెంటు) పుడుతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఆ కరెంటు హెడ్ మీదికో, మెషీన్ సర్క్యూట్ బోర్డు మీదికో పోతుంది. ఆన్‌లైన్ యూపీఎస్ ఉన్నా బ్యాటరీలు ఎంతసేపు నిలబడుతున్నాయో ఇప్పుడే చూసుకోండి. కనీసం ప్రింట్ ఆపి హెడ్‌ను క్యాప్ (పని లేనప్పుడు హెడ్ ఎండకుండా మూసి ఉంచే మూత) మీదికి తెచ్చేంత సమయం దొరకాలి. ప్రింట్ ఆరబెట్టే హీటర్లకు వేరే లైన్ ఉన్న మెషీన్లలో ఆ లైన్‌ను యూపీఎస్‌కు కలపకండి, బ్యాటరీ నిమిషాల్లో పడిపోతుంది. కరెంటు పోయి హెడ్ మధ్యలో ఆగిపోతే మెయిన్ ఆఫ్ చేసి, చేత్తో జరిపే వీలుంటే హెడ్‌ను మోసే క్యారేజీని నెమ్మదిగా క్యాప్ దగ్గరకు చేర్చండి. సాల్వెంట్ ఇంకు (త్వరగా ఆవిరయ్యే రసాయనంలో కలిపిన ఇంకు) బయట గాలికి చాలా త్వరగా ఎండిపోతుంది.

హెడ్ కేబుల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. పవర్ ఆన్‌లో ఉండగా దాన్ని తీయకూడదు, పెట్టకూడదు. తడి చేతులతోనూ, ఇంకు అంటిన చేతులతోనూ అస్సలు ముట్టుకోకూడదు. కనెక్టర్‌లోకి ఒక్క చుక్క ఇంకు దిగినా హెడ్‌తో పాటు బోర్డు కూడా కాలిపోవచ్చు. అర్ధరాత్రి నాజిల్స్ (హెడ్‌లో ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు) రావడం లేదని టెన్షన్‌లో కుర్రాళ్లు చేసే పని ఇదే. ఆపరేటర్‌కు ఈ మాట ముందే గట్టిగా చెప్పి ఉంచండి.

పొద్దున్నే నాజిల్ చెక్ (అన్ని నాజిల్స్ వస్తున్నాయో లేదో చూసే టెస్ట్ ప్రింట్) తీయకుండా మొదటి ఆర్డర్ వేయొద్దు. హెడ్‌ను తుడిచే వైపర్, క్యాప్ అంచుల మీద గడ్డకట్టిన ఇంకును రోజూ తుడవాలి. రేటు తక్కువని సీజన్ మధ్యలో ఇంకు కంపెనీ మార్చకండి. రెండు రకాల ఇంకులు డ్యాంపర్లలో (హెడ్‌కు ముందు ఇంకు నిలిచే చిన్న డబ్బీల్లో) కలిస్తే చిక్కబడి గడ్డ కట్టే ప్రమాదం ఉంది. మార్చక తప్పకపోతే పాత ఇంకు మొత్తం తీసి, లైన్లు ఫ్లష్ చేశాకే కొత్తది పోయాలి.

వానాకాలంలో ఎక్కువ నష్టం రోల్స్ వల్లే. వినైల్ (స్టిక్కర్ షీటు) వెనకున్న రిలీజ్ పేపర్ తేమ పీల్చి అలలుగా లేస్తుంది. హెడ్ వచ్చి ఆ అంచుకు తగులుతుంది. రోల్స్‌ను నేలమీద పెట్టకుండా కవర్‌లోనే చెక్క మీదో, స్టాండ్ మీదో ఉంచండి. గోడౌన్ నుంచి తెచ్చిన రోల్‌ను మెషీన్ ఉన్న గదిలో ఒక రోజు ఉంచి వాడితే మంచిది. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. చిన్న తేమ మీటర్ కొనుక్కోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్లు మునిగిపోయాయి. పల్లంలో షాపున్న వాళ్లు యూపీఎస్, ఇంకు క్యాన్లు, కంప్యూటర్ నేలమీద లేకుండా చూసుకోవాలి.

కటింగ్‌లో తొందర పనికిరాదు. సాల్వెంట్ ప్రింట్ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల సాల్వెంట్ ఇంకా ఉంటుంది. కనీసం 24 గంటలు వదులుగా ఆరనివ్వాలి. వెంటనే లామినేషన్ వేస్తే బుడగలొస్తాయి, స్టిక్కర్ అంచులు లేస్తాయి. ప్లాటర్ బ్లేడు వినైల్‌ను మాత్రమే కోయాలి, కింది పేపర్ మీద సన్నటి గీత పడితే చాలు. ప్రతి కొత్త రోల్‌కూ చిన్న చతురస్రం కోసి చూడండి. మన తెలుగు అక్షరాలకు ఇంకో చిక్కుంది. ఒత్తు, గుణింతం అక్షరం మీద పడి ఉంటాయి. ఫైల్‌ను ముందు కర్వ్స్‌లోకి (గీతల రూపంలోకి) మార్చి, వెల్డ్ చేయాలి, అంటే ఒకదాని మీద ఒకటి పడ్డ భాగాలను ఒకే ఆకారంగా కలపాలి. అలా చేయకుండా పంపితే బ్లేడు అక్షరం మధ్యలో కోసేస్తుంది. ప్లాటర్‌లో బ్లేడు ఆఫ్‌సెట్ (బ్లేడు మొన నడిమి నుంచి ఎంత పక్కకు ఉందో చెప్పే కొలత) తప్పుగా ఉంటే సున్నా మొదలు, చివర కలవవు.

ఫ్లెక్స్, వినైల్, సన్‌బోర్డ్ (ప్లాస్టిక్ ఫోమ్ షీటు) వీటిని లేజర్ మెషీన్ మీద కోయకండి. అవి పీవీసీ ప్లాస్టిక్. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, మెషీన్‌నూ తుప్పు పట్టిస్తుంది. లేజర్ మీద యాక్రిలిక్ కోయొచ్చు. సన్‌బోర్డ్‌కు కత్తిగానీ, తిరిగే బిట్‌తో కోసే రూటర్ మెషీన్‌గానీ వాడండి.

ఆయుధపూజ రోజు మెషీన్‌కు పూజ చేస్తాం, చేయాలి కూడా. కానీ సాల్వెంట్ ఆవిరికి నిప్పంటుకుంటుంది. హారతి, అగరబత్తి, దీపం గది బయటే వెలిగించండి. పసుపు, కుంకుమ మెషీన్ బాడీ మీద పెట్టండి, హెడ్ జరిగే రైలు పట్టా మీద, హెడ్ ఎక్కడుందో మెషీన్‌కు తెలిపే ఎన్‌కోడర్ పట్టీ మీద పడనీయకండి. సాల్వెంట్ ఆవిరి గాలికంటే బరువు, నేలవైపు దిగుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కింద కూడా ఉండాలి. గదిలో డ్రై పౌడర్ గానీ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గానీ ఉన్న ఎక్స్‌టింగ్విషర్ (మంటలార్పే సిలిండర్) పెట్టండి. నిప్పు అంటుకుంటే దాని మీద నీళ్లు పోయకూడదు. ఇంకు ముట్టుకునేవాళ్లకు నైట్రైల్ గ్లౌజులు ఇవ్వండి.

ఇక బ్యానర్ కట్టే కుర్రాళ్ల సంగతి. ఇనుప ఫ్రేము 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు లైనుకు తగలడం వల్ల ప్రాణాలు పోతున్నాయి. వైర్లు తగిలే చోట కట్టమని ఆర్డర్ ఇచ్చిన పార్టీ ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. వాన పడుతుంటే పైకి ఎక్కించొద్దు. బ్యానర్ ఒక పూట ఆలస్యమైతే ఆ మాట మీరే పార్టీకి ఫోన్ చేసి చెప్పండి, కుర్రాళ్ల మీద పెట్టకండి.