స్క్రీన్ మీద అంతా కనిపిస్తుంది, ట్యూబ్ మాత్రం వెళ్ళదు

ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెంట్లకు ఇంట్యుబేషన్ (నోటి గుండా శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం) నేర్పేవాళ్ళ కోసం ఇది. నేర్చుకునేవాళ్ళు చదివినా నష్టం లేదు. మందుల డోసులు, ట్యూబ్ సైజులు తెలుసనే అనుకుంటున్నాను.

సమస్య: శిక్షణ బొమ్మ మీద చక్కగా వేస్తారు, పేషెంట్ దగ్గర వోకల్ కార్డ్సే (స్వరతంత్రులు) కనిపించవు

లారింగోస్కోప్ (గొంతు లోపల చూపే పరికరం) బ్లేడ్ మార్చే ముందు పడక చూడండి. పేషెంట్ చెవి రంధ్రం, ఛాతీ ఎముక పైనున్న గుంట ఒకే ఎత్తులో ఉన్నాయా? ముఖం మీ ఛాతీ కింది అంచు దాకా వచ్చిందా? పదిమందిలో ఎనిమిదిమంది ఇది చూడకుండానే "డిఫికల్ట్ ఎయిర్‌వే సార్" అంటారు. లావుపాటి మనిషైతే తల కింద ఒక్క దిండు చాలదు, వీపు నుంచే దుప్పట్లు పేర్చాలి. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఇవేవీ వద్దు. ఇంకొకరు మెడ కదలకుండా పట్టుకోవాలి, కాలర్ ముందు భాగం తీయాలి.

స్కిల్స్ ల్యాబ్‌లో బొమ్మ ఎప్పుడూ సరైన ఎత్తులోనే ఉంటుంది, అందుకే ఈ అలవాటు రాదు. బొమ్మను కిందికి దించిన స్ట్రెచర్ మీద దిండు లేకుండా పడుకోబెట్టండి. సర్దుకున్నాకే లారింగోస్కోప్ చేతికివ్వండి.

సమస్య: వీడియో లారింగోస్కోప్‌లో కార్డ్స్ నిండుగా కనిపిస్తున్నా ట్యూబ్ వెళ్ళదు

అందరినీ ముంచేది ఇదే. స్క్రీన్ బాగుంది కాబట్టి తప్పు ట్యూబ్‌దో, చేతిదో అనుకుంటారు. అసలు తప్పు ఆ బాగుండటంలోనే ఉంది. వంపు ఎక్కువున్న బ్లేడ్‌ను మరీ లోపలికి తోసి గట్టిగా ఎత్తితే కెమెరా కార్డ్స్‌కు దగ్గరవుతుంది. స్వరపేటిక పైకి లేచి వాలుతుంది. ట్యూబ్ తిరగాల్సిన మలుపు మరీ ఎక్కువవుతుంది, తిరగడానికి చోటూ తగ్గుతుంది. పైగా ట్యూబ్ కొన చివరి క్షణం దాకా తెర మీదికి రాదు.

పరిష్కారం వినడానికి వింతగా ఉంటుంది: బ్లేడ్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు వెనక్కి లాగండి. కార్డ్స్ తెర పై సగంలోకి వెళ్ళాలి, వాటి మధ్య ద్వారం సగం కంటే తక్కువ కనిపించినా చాలు. గ్లైడ్‌స్కోప్ అనే వీడియో లారింగోస్కోప్‌తో ఇలా కావాలనే సగం చూపుతో వేస్తే ట్యూబ్ త్వరగా, తేలిగ్గా వెళ్ళిందని 2016లో వచ్చిన ఒక కెనడా అధ్యయనం తేల్చింది.

ట్యూబ్ నోట్లోకి పెట్టేటప్పుడు నోటినే చూడాలి. తెర చూస్తూ గుడ్డిగా తోస్తే అంగిలి చిరుగుతుంది. స్టైలెట్ (ట్యూబ్ లోపల పెట్టే వంచగల తీగ) వంపు బ్లేడ్ వంపుకు సరిపోవాలి. కొన కార్డ్స్ దాటగానే స్టైలెట్‌ను కొంచెం వెనక్కి లాగిస్తూ ట్యూబ్ దింపాలి. అక్కడా ఆగితే అది శ్వాసనాళం ముందు గోడకు తగులుతున్నట్టు. తోయకండి, గడియారం ముల్లు తిరిగే వైపు పావు వంతు తిప్పండి.

నేర్పేటప్పుడు మొదట నిండు చూపు తెచ్చుకోమనండి, తర్వాత కావాలనే దాన్ని పాడుచేసి ట్యూబ్ వేయమనండి. "వ్యూ బాగా తెచ్చావు" అని అక్కడితో మెచ్చుకుని వదిలేయకండి.

సమస్య: నోరంతా నురగ, వాంతి, రక్తం

పురుగుల మందు తాగిన కేసులు మన దగ్గర కొత్త కాదు. లావుపాటి సక్షన్ గొట్టం ముందు వెళ్ళాలి, బ్లేడ్ దాని వెనక. శుభ్రమయ్యాక సక్షన్ బయటికి తీయకుండా కొనను అన్నవాహిక ముఖం దగ్గర ఉంచి, గొట్టాన్ని నోటి ఎడమ వైపుకు జరపండి. ఆ మందు ఆర్గనోఫాస్ఫేట్ రకమైతే కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ప్రభావం చాలాసేపు ఉండిపోతుంది, దాని బదులు రోక్యురోనియం వాడండి.

సమస్య: ట్యూబ్ వేశాక సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతోంది

క్యాప్నోగ్రాఫ్ (బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపే యంత్రం) గీత చదునుగా ఉందా? ట్యూబ్ అన్నవాహికలో ఉన్నట్టే లెక్క. "ఛాతీ లేచింది, ఆవిరి పట్టింది" అనే వాదన నాకు చెప్పకండి. సీపీఆర్ నడుస్తున్నా చిన్న గీతైనా రావాలి.

మిగిలినవి

కణితి, శ్వాసనాళం సన్నబడటం: అరుదు. తిప్పినా దిగకపోతే చిన్న సైజు ట్యూబ్, అంతే. ఆలిండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు మూడు ప్రయత్నాలకు మించొద్దన్నాయి, అదీ సాచురేషన్ 95 పైన ఉంటేనే. తర్వాత స్వరపేటిక పైనే కూర్చునే సుప్రాగ్లాటిక్ పరికరం. దాంతోనూ, మాస్క్‌తోనూ ఆక్సిజన్ అందకపోతే మెడ ముందు నుంచి స్కాల్పెల్, బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నని కడ్డీ), 6 సైజు ట్యూబ్. కష్టమని ముందే తోస్తే కోయాల్సిన చోటును మత్తుమందు ఇవ్వకముందే పెన్నుతో గుర్తు పెట్టుకోండి.